తాడుకి ఇవతలి కొస

చలికాలం వచ్చిందంటే చాలు, ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనానికి చోటుండేది కాదు. ఒక పక్క మడతల దగ్గర చిరిగిన మ్యాపు, ఇంకో పక్క నీళ్లలో ఊపిరికి వాడే రెగ్యులేటర్ విప్పదీసిన ముక్కలు, మధ్యలో మందపాటి ఉన్ని మేజోళ్లు. మొగుడూ పెళ్లామూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవారు. చూసినవాళ్లు వీళ్లకి పిచ్చి అనుకునేవారు. అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. లోకమంతా చలికాలంలో దుప్పట్లు వెతుక్కుంటుంటే, వీళ్లు మునగడానికి ఇంకా చల్లటి నీళ్లు ఎక్కడున్నాయా అని వెతుక్కునేవారు.

చలికాలమే ఎందుకంటే, మంచినీళ్లు తేటపడేది అప్పుడే. ఎండల్లో సరస్సు ఏదైనా నాచుతో పచ్చగా చిక్కబడి ఉంటుంది. చెయ్యి చాపితే సొంత వేళ్లు కనపడవు. చలికి ఆ నాచు చచ్చి అడుక్కి దిగిపోతుంది. అప్పుడు గాలి సిలిండర్ వీపున కట్టుకుని దిగితే నీళ్లలో ఉన్నట్టే ఉండదని, గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుందని ఆయన చెప్పేవాడు. సముద్రంలో రంగురంగుల చేపల వెంట తిరిగేవాళ్లంటే ఆయనకి చిన్నచూపు. "అది షికారు. ఇది మునక" అనేవాడు.

అనేవాడు అన్నాను కానీ, మనిషి నిక్షేపంగా ఉన్నాడు. పోయింది ఎడమ చెవి.

ఆనకట్ట గేట్ల అడుగున చిక్కుకున్న దుంగలూ చెత్తా తీసే పని ఆయనది. ఊళ్లో గజఈతగాడు ఎవరంటే చిన్నపిల్లాడు కూడా ఆయన్నే చూపించేవాడు. ఆయన నడుముకి కట్టిన తాడు రెండో కొస పట్టుకుని గట్టు మీద నిలబడే ఉద్యోగం ఆమెది. పనివాళ్లందరికీ ఆమె తాడక్క. గేట్ల దగ్గర బురదనీళ్లలో కళ్లు పనిచేయవు, పైనుంచి కేక వేస్తే వినపడదు. తాడు ఒక్కసారి లాగితే "బాగున్నావా?" అని. అవతలినుంచి ఒక్కసారి లాగితే "బాగున్నా" అని. రెండుసార్లంటే తాడు ఇంకాస్త వదులు చేయమని. ఆగకుండా లాగితే ప్రాణం మీదికొచ్చిందని. ఈ కాస్త భాషతోనే వాళ్లిద్దరూ ప్రేమలో పడ్డారు. అంత తక్కువ మాటలతో ఎలా పడ్డారని అడగకండి, గంటలు గంటలు మాట్లాడుకుని పెళ్లాడినవాళ్లు ఏం బావుకున్నారు గనక. పెళ్లయ్యాక ఆయన ఆమెకీ మునక నేర్పాడు. సెలవులు దొరికినప్పుడల్లా ఇద్దరూ కలిసి ఏదో ఒక చల్లటి నీళ్లలోకి దిగేవారు. ఆ తేట నీళ్లలో పక్కపక్కనే ఈదుతూ, ఏదైనా కనపడితే ఒకళ్లకొకళ్లు వేలితో చూపించుకోవడం, అంతే వాళ్ల కాపురంలోని సుఖం.

జలుబు చేసినప్పుడు మునగకూడదు. ముక్కు మూసుకుపోతే లోతులో చెవిలోపలి ఒత్తిడి సర్దుకోదు. ఈ సంగతి పదిమందికి పాఠం చెప్పిన మనిషే ఒకరోజు జలుబు దాచి గేటు కిందికి దిగాడు. దాచడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఎడమ చెవి లోపలి పొర చిరిగింది. ఆ చెవిలో ఇప్పుడు మాటలు లేవు, సరిగ్గా కట్టని కుళాయిలాంటి సన్నటి రొద ఒక్కటే ఉంది.

చెవుల డాక్టరమ్మ మొహమాటపడలేదు. "కుడిది కూడా అంతంత మాత్రమే. స్నానం చేసుకోండి, వానలో తడవండి, నేనేమీ అనను. లోతు మాత్రం వద్దు. నిలువెత్తు లోతు కూడా వద్దు. ఇంకొక్కసారి అయిందంటే ఆ చెవీ పోతుంది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి లాభం లేదు" అంది.

అప్పటినుంచి ఆయనకి గేట్ల గదిలో బటన్లు నొక్కే పొడి ఉద్యోగం. ఆమేమో పిల్లలకి ఈత నేర్పే చోట చేరింది. ఈతకొలనులో నీళ్లు గోరువెచ్చగా, మందు వాసన కొడుతూ ఉండేవి. ఆ నీళ్లలో నడుము లోతున నిలబడి ఏడుపు మొహాల పిల్లల్ని తేలిస్తూ, ఆమె మాటిమాటికీ కళ్లు మూసుకునేది. మొహానికి చల్లటి నీళ్లు సూదుల్లా తగిలే ఆ మొదటి క్షణం కోసం ప్రాణం కొట్టుకునేది. ఆ మాట ఇంట్లో అనేది కాదు. చెవి పోగొట్టుకున్న మనిషి ముందు చెవులున్నవాళ్లు నీళ్ల ఊసెత్తడం ఏం బాగుంటుంది? అలా రెండు చలికాలాలు భోజనాల బల్ల మీద బుద్ధిగా భోజనం చేశారు.

మూడో చలికాలం ఆయనే మ్యాపు తీశాడు.

"నువ్వు దిగు. నేను గట్టు మీద తాడు పట్టుకుంటా" అన్నాడు.

ఆమె లేచి వెళ్లి, అవసరం లేకపోయినా స్టవ్వు తుడిచింది. సంతోషమొస్తే స్టవ్వు తుడవడం ఆమె అలవాటు.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పేరున్న చోట్లు వద్దు. డైవింగ్ సెంటర్లూ, పడవలూ, సిలిండర్లు నింపే షాపులూ ఉన్న సరస్సుల పేరెత్తితే మొహం చిట్లించాడు. ఎవరికీ తెలియని చోట్లే కావాలన్నాడు. పాత స్నేహితులు దిగుతుంటే గట్టు మీద కూర్చుని చూడటం నామోషీ కాబోలని ఆమె అర్థం చేసుకుంది. అర్థం చేసుకుని జాలిపడింది కూడా.

వెతగ్గా వెతగ్గా మూడు చోట్లు తేలాయి. పాడుబడ్డ మిల్లు వెనక ఊటనీళ్ల మడుగు ఒకటి. కొండ మీద, నీళ్లలోనే నిలబడిపోయిన చెట్లున్న చిన్న సరస్సు ఇంకొకటి. మూడోది వదిలేసిన రాతి క్వారీ. పని జరిగే రోజుల్లో అడుగునుంచి ఊరే నీటిని మోటార్లతో తోడిపోసేవారు. ఒకనాడు మోటార్లు ఆగిపోయాయి. నీళ్లు పైకొచ్చాయి. మనుషులు బయటపడ్డారు గానీ రాళ్లెత్తే క్రేను అక్కడే ఉండిపోయింది. ఆ క్రేను నడిపిన డ్రైవరే ఒకప్పుడు ఆనకట్ట దగ్గర ఆయనకి ఈ కథ చెప్పాడట. పడిపోలేదట, నిలబడే ఉందట, డ్రైవరు గది తలుపు తెరిచే ఉందట. ఆయన ఆ క్రేను గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు, పక్కగదిలో అది నిద్రపోతున్నట్టు.

ఇక ఏర్పాట్లలో ఇద్దరూ తలమునకలయ్యారు. అక్కడ గాలి నింపేచోటు దగ్గర్లో లేదు కాబట్టి సిలిండర్లన్నీ ఇక్కడినుంచే మోసుకుపోవాలి. కారు పోయేది క్వారీ గేటు దాకానే, అక్కడినుంచి తోపుడుబండి. మంచినీళ్లు సముద్రంలా తేల్చవు కాబట్టి మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బరువు తగ్గించాలి. అది ఎంత తగ్గించాలో తేల్చడానికి రెండు సాయంత్రాలు కీచులాడుకున్నారు. రెగ్యులేటర్‌తో గట్టు మీద ఒక్క ఊపిరి కూడా పీల్చకూడదు, ఆ తడికి లోపల మంచు కట్టి గాలి బుస్సున పోతుంది. ఇవన్నీ ఆమెకి తెలిసినవే. అయినా ఆయన చెబుతుంటే కొత్తగా వింటున్నట్టు తలూపింది. ఇన్నాళ్లకి ఆయన గొంతులో ఆ పాత హుషారు వినపడుతోంది మరి.

క్వారీ గేటు తాళంచెవి ఉన్న ఆసామికి ఫోన్ చేస్తే, "దిగితే దిగండి, మునిగితే మునగండి. నన్ను మాత్రం ఏమీ అడగొద్దు, నేనూ మిమ్మల్ని ఏమీ అడగను" అన్నాడు.

ఆయన ఫోన్ పెట్టేసి, "మంచి మనిషి" అన్నాడు.

ఒక్కచోటే కాస్త తేడా వచ్చింది. ఒకళ్లు నీళ్లలో ఉంటే ఇంకొకళ్లు మునిగే రబ్బరు సూటు వేసుకుని గట్టు మీద సిద్ధంగా ఉండాలి, అది పద్ధతి. పాత జట్టులోని బక్కోణ్ని పిలుద్దామంది ఆమె. ఆయన గబుక్కున, "వాడెందుకు, ఇద్దరం చాలమా?" అన్నాడు. బక్కోడి వాగుడు పడక అలా అన్నాడనుకుని ఆమె సరిపెట్టుకుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి కూడా సంతోషంలో ఉంటే ఇలాగే గుడ్డిదైపోతుంది.

ఆయన అక్కకి రెండు వీధుల అవతల చిన్న కొట్టుంది. గొడుగులు, రెయిన్ కోట్లు, లారీల టార్పాలిన్లు కుడుతుంది, అతుకులు వేస్తుంది. ప్రయాణానికి నాలుగు రోజులుందనగా ఆమె తన చేతిగ్లౌజుకి అతుకు వేయించుకుందామని అక్కడికి వెళ్లింది.

"రావమ్మా మరదలు పిల్లా, జలకాలాటలకి తయారవుతున్నావటగా!" అంది ఆడపడుచు, నోట్లో దారం పోగుతోనే. "మీ ఇద్దరికీ వేరే పనేం లేదే? ఆ చలికి నా మోకాళ్లు తలుచుకుంటేనే పట్టేస్తున్నాయి."

"నువ్వూ రా వదినా, నిన్నూ ముంచుతా."

"నన్ను ముంచడం నీ తరం కాదు గానీ, మీ ఆయనకి మెడ ఎంత లావెక్కిందో చూశావా? నువ్వు పెట్టే తిండి అలాంటిది మరి. సూటు మెడపట్టీ బిగిసిపోయి ఊపిరాడట్లేదని తెచ్చాడు. కొత్త రబ్బరు వేసి ఒక వేలు వదులు చేశాను. నీళ్లు చుక్క దూరదు, చూసుకో. మొన్ననే పట్టుకుపోయాడు, చెప్పలేదా?"

గట్టు మీద తాడు పట్టుకునే మనిషికి సూటెందుకనుకుంది ఆమె. చెప్పాడని తలూపి, గ్లౌజు అక్కడే మర్చిపోయి బయటికొచ్చింది.

ఇంటిదాకా నడుస్తుంటే ఒక్కొక్క చిక్కూ విడిపోయింది. పేరున్న చోట దిగాలంటే డాక్టరు రాసిచ్చిన కాగితం అడుగుతారు. ఎవరికీ తెలియని చోట అడిగేవాడెవడు? తాళంచెవి ఆసామి ఎందుకు మంచి మనిషయ్యాడో, బక్కోడు ఎందుకు అక్కర్లేకపోయాడో ఇప్పుడు తెలిసింది. నామోషీ అనుకుని జాలిపడినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

అయితే ఒక నిజం చెప్పాలి. ఆ మండే ఒంట్లోనే ఎక్కడో ఒక మూల ఆమెకీ ఆశ పుట్టింది. క్రేను గది తలుపు దగ్గర ఇద్దరూ పక్కపక్కన. ఆయన వేలితో చూపిస్తే తను చూడటం, తను చూపిస్తే ఆయన చూడటం. ఒక్కసారి. ఎవరికి తెలుస్తుంది? చెవి పోకపోవచ్చు కూడా. ఆ ఆశ అంత తియ్యగా ఉండేసరికి ఆమెకి భయమేసింది. వీధి మలుపులో కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది.

ఇంటికి వెళ్లేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని క్వారీ అడుగు బొమ్మ గీస్తున్నాడు. నలుగురిలో ఆమె ఆయన్ని మీరు అంటుంది. తలుపులు మూసుకున్నాక నువ్వే. ఆమె తలుపు మూసింది.

"కొత్త మెడపట్టీ బాగా కుదిరిందా?"

ఆయన పెన్సిల్ పక్కన పెట్టాడు. "అక్క చెప్పిందా?"

"మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ అక్కడికే తీసుకెళ్లావంటే, నాకు తెలియాలనే నీకూ ఉన్నట్టుంది."

ఆయన కాదనలేదు. "ఒక్కసారే. అడుగుదాకా కూడా పోను. క్రేను పైకొస మీద చెయ్యి వేసి వచ్చేస్తా. నువ్వు పక్కనే ఉంటావుగా" అన్నాడు.

"చెవి పోతే?"

"పోతే పోయింది. సైగలు మనకేమైనా కొత్తా? ఇన్నేళ్లు నీళ్లలో సైగలతోనే గడిపాం, పైనా అలాగే గడుపుదాం." ఆయన గొంతు పెరిగింది. "ఆ గదిలో కూర్చుని బటన్లు నొక్కుతుంటే నాకేం వినపడుతోందో తెలుసా నీకు? గేటు లేచిన చప్పుడు, గేటు దిగిన చప్పుడు. దానికోసమా ఈ చెవిని దాచుకునేది? నాకు నీళ్లు కావాలే. కడుపులో ఆకలి ఉన్నట్టు ఉంది. రోజూ ఉంది."

నా గొంతు నీకు అక్కర్లేదా అని అడగాలనిపించింది ఆమెకి. అడిగితే అది వాదన అవుతుంది. వాదనలో ఆయన గెలుస్తాడు, ఎందుకంటే ఆమెలో సగం ఆయన వైపే ఉంది.

మునక పనిలో ఒక కట్టుబాటుంది. నీళ్లలో ఎవరైనా, ఏ క్షణానైనా పిడికిలి బిగించి బొటనవేలు పైకి చూపిస్తే, ఆ మునక అక్కడితో సరి. అందరూ పైకి రావాల్సిందే. చూపించింది పెద్దవాడా చిన్నవాడా అని లేదు. ఎందుకని నీళ్లలో అడగరు, పైకొచ్చాక గట్టు మీదా అడగరు. అడిగినవాడితో మళ్లీ ఎవరూ కలిసి దిగరు. చూసినవాళ్లు తామూ బొటనవేలు పైకెత్తి, సరేనని చూపించాలి. ఆమెకి మొదటిరోజు ఆయన నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఆమె బల్ల మీదుగా చెయ్యి చాపింది. పిడికిలి బిగించింది. బొటనవేలు పైకెత్తింది.

ఆయన ఆ వేలి వంక చాలాసేపు చూశాడు. ఎందుకని అడగలేదు. చివరికి ఆయన చెయ్యి కూడా బల్ల మీంచి లేచింది, సీసం కట్టినంత బరువుగా. బొటనవేలు పైకెత్తాడు. తర్వాత మ్యాపు పాత మడతల్లోనే మడిచి లోపల పెట్టేశాడు.

కంచాలు మళ్లీ బల్ల మీదికొచ్చాయి. అనుకున్న రోజు వచ్చింది, పోయింది. ఆమె ఈతకొలను నీళ్లలో నిలబడి, తన చేత్తోనే తన నీళ్లకి కూడా తలుపు వేసేశానని లోలోపల ఏడ్చింది. చేసినందుకు పశ్చాత్తాపం లేదు. బెంగ మాత్రం ఎక్కడికీ పోలేదు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం ఆయన పని నుంచి వస్తూ భుజాన తాడు చుట్ట వేసుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు విప్పకుండానే అన్నాడు.

"నా సూటు బక్కోడికి ఇచ్చేశా. మనతో క్వారీకి వాడు వస్తానన్నాడు."

ఆమె లేచి వచ్చి ఆ తాడు చుట్ట అందుకుంది.

"మొదట తాడు పట్టుకుంటా అన్నప్పుడు ఊరికే అన్నా. అసలు నాకు తాడు పట్టడం రాదే. ఎప్పుడూ అవతలి కొసనే ఉన్నా. నేర్పు."

ఆ సాయంత్రం నుంచే పాఠాలు. ఆమె పడకగదిలో కళ్లకి గంతలు కట్టుకుని, నడుముకి తాడుతో నేల మీద కూర్చునేది. తాడు తలుపు కింద నుంచి వసారా దాటి వీధిగుమ్మం దాకా పోయేది. అక్కడ ఆయన. గజఈతగాడు తాడు పట్టడంలో ఎంత మొద్దో అప్పుడు బయటపడింది. ఆమె ఇలా కూర్చుందో లేదో, ఒక లాగుడు. బాగున్నా అని జవాబు ఇచ్చిందో లేదో, ఇంకొక లాగుడు. ముక్కు గోక్కునే వ్యవధి కూడా ఇవ్వలేదు. చివరికి ఆమె గంతలు పీకేసి వసారాలోకి వచ్చింది.

"పడకగదిలో నాకేమవుతుందయ్యా? మంచం కింద మొసలి ఉందా? నిన్ను నేనెప్పుడైనా ఇన్నిసార్లు లాగానా?"

"లాగకుండా ఎలా ఉండేదానివి?" అన్నాడు ఆయన. నిజంగానే అడుగుతున్నాడు. అరచేతులు చెమటపట్టి ఉన్నాయి. "పైన నిలబడటం ఇంత కష్టమని నాకు తెలీదే."

"నాకు తెలుసు" అంది ఆమె.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు, ఆమె కొట్లో మర్చిపోయిన గ్లౌజు పట్టుకుని వచ్చింది. నడుముకి తాడుతో మరదలు, తాడు కొసతో తమ్ముడు. "కట్టేసి మరీ కాపురం చేస్తున్నావేమిట్రా!" అని గడప మీదే కూలబడి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వారు.

చలి తగ్గి నీళ్లు మళ్లీ పచ్చబడేలోగా బయల్దేరారు. మిగిలిన రెండు చోట్లూ వచ్చే ఏటికి వాయిదా వేసి, క్వారీకి మాత్రమే. బక్కోడు పేరుకే బక్కోడు, ఇప్పుడు ఆ సూటులో పట్టడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. ఒక వేలు వదులు చేసిన మెడపట్టీ మాత్రం వాడి మెడకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తాళంచెవి ఆసామి గేటు తీసి, మాట ప్రకారం ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. నిటారు రాతిగోడల మధ్య నీళ్లు కదలకుండా నల్లగా ఉన్నాయి. ఆయన ఆమె నడుముకి ముడి వేశాడు. వేసిన ముడి విప్పి మళ్లీ వేశాడు. నీళ్ల వంక మాత్రం చూడలేదు.

"ఎక్కువగా లాగను" అన్నాడు.

నీళ్లు మొహానికి తగిలిన క్షణంలో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సూదులు, అచ్చం ఆ సూదులే. పైనుంచి నల్లగా కనపడ్డవి లోపల గాజులా ఉన్నాయి. గోడ వెంట దిగుతూ పోతే క్రేను కనపడింది. ముందు పైకొస, తర్వాత ఇనుప మెడ, తర్వాత డ్రైవరు గది. నిలబడే ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల సీటు మీద బూడిదరంగు బురద మెత్తగా పరుచుకుని ఉంది, సీటు వెనక కొక్కేనికి డ్రైవరు టోపీ ఇంకా వేలాడుతోంది. తలుపులోంచి వేలెడంత చేపలు నాలుగు తొందర లేకుండా బయటికి వచ్చి, ఆమెని చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాయి.

ఆమె గబుక్కున కుడిపక్కకి తిరిగి వేలితో చూపించింది.

పక్కన ఎవరూ లేరు. తేట నీళ్లు, వాటి వెనక రాతిగోడ, అంతే. చాచిన వేలు అలాగే ఉండిపోయింది. ఇంత అందమైన చోట తను ఒక్కతే ఉండటం ఎంత అన్యాయమో అనిపించింది. బుడగలు పైకి పోతుంటే వాటి వంకే చూస్తూ ఉండిపోయింది. తాడు కూడా కదలడం లేదు. ఎక్కువగా లాగనన్నాడు సరే, బొత్తిగా మర్చిపోయాడా ఏమిటని కోపం కూడా వచ్చింది.

అప్పుడు తాడు కదిలింది. ఒక్కసారి. మెత్తగా, తెలిసినవాడు లాగినట్టు.

బాగున్నావా?

ఆమె చేతిగ్లౌజు తీయలేదు గానీ, తీసి ఆ తాడుని వట్టి చేత్తో పట్టుకోవాలనిపించింది. జవాబు ఇచ్చే ముందు క్రేను పైకొస దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి, దాని మీద అరచెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో తాడు ఒక్కసారి లాగింది.

పైకొచ్చేసరికి ఒళ్లంతా వణుకు. బక్కోడు సిలిండర్ విప్పాడు, దుప్పట్లు కప్పాడు, ఫ్లాస్కు తేవడానికి వాగుతూ బండి దగ్గరికి వెళ్లాడు. ఆయన ఇంకా తాడు వదల్లేదు. గట్టు మీద ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన కళ్లు ఆమె మొహమంతా వెతుకుతున్నాయి, ఆ నీళ్లు ఇంకా అక్కడేమైనా మిగిలి ఉన్నాయా అన్నట్టు.

"ఉందా?" అన్నాడు.

ఆమె చెప్పబోయింది. చలికి పెదవులు మొద్దుబారిపోయి ఉన్నాయి. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. అప్పుడూ రాలేదు. సైగ చేద్దామని దుప్పట్లోంచి చెయ్యి తీయబోయింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"సైగలొద్దు. నోటితో చెప్పు. తొందరేం లేదు" అన్నాడు. ఆమెకి దగ్గరగా జరిగి, తల పక్కకి తిప్పి, కుడి చెవి ఆమె పెదవుల దగ్గర పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

ఆమె పెదవులు ఇంకా తిరగడం లేదు. ఆయన కదలకుండా అలాగే ఉన్నాడు.